ఒక్క స్కీమా, మూడు భాషల కోడ్: డేటా తప్పులను గేటు దగ్గరే ఆపడం ఎలా

అనంతపురం మార్కెట్ యార్డులో చీనీ కాయల ధర టన్ను లెక్కన చెబుతారు. కర్నూలులో ఉల్లి ధర, ఆదోనిలో పత్తి ధర క్వింటా లెక్కన చెబుతారు. అక్కడి రైతుకూ వ్యాపారికీ ఇందులో ఏ గందరగోళమూ లేదు. ‘ఈరోజు చీనీ ఎంత పలికింది?’ అని అడిగితే ‘పద్దెనిమిది’ అంటారు. అది పద్దెనిమిది వేలనీ, టన్నుకనీ అడిగినవాళ్ళకు తెలుసు. ప్రోగ్రాముకు తెలియదు. దానికి చేరేది 18000 అనే సంఖ్య ఒక్కటే. అది టన్నుకా క్వింటాకా, రూపాయలా పైసలా, సంఖ్యగా వచ్చిందా లేక కొటేషన్లలో అక్షరాలుగా వచ్చిందా అన్నది ఎవరో ఒకరు ముందే రాసిపెట్టాలి. వచ్చిన డేటా ఆ రాసినదానికి సరిపోతోందో లేదో కూడా ఎవరో ఒకరు చూడాలి.

రాసిపెట్టడం ఒకచోట, చూడడం ఇంకోచోట జరిగితే కొన్నాళ్ళకు రెండింటికీ పొత్తు కుదరదు. నేను చూసిన డేటా తప్పుల్లో చాలావాటికి మూలం అదే. అందుకే నియమాన్ని ఒక్కచోట రాసి, చూసే కోడ్‌ను దాని నుంచే యంత్రంతో పుట్టించే పద్ధతి నాకు ఇష్టం. ఆ నియమాల పత్రమే స్కీమా. పద్ధతి పేరు చిన్నదే, లోపల చిక్కుముళ్ళు మాత్రం చాలా ఉన్నాయి.

మన దగ్గర మామూలుగా కనిపించే ఒక ఏర్పాటు తీసుకుందాం. యార్డులో కాటా దగ్గర గుమాస్తా చేతిలో ఆండ్రాయిడ్ యాప్, కాట్లిన్‌లో రాసింది. వెనక సర్వర్ పైథాన్‌లో. ఆఫీసులో అకౌంట్స్ వాళ్ళు చూసే వెబ్ పేజీ టైప్‌స్క్రిప్ట్‌లో. ఒక్కో అమ్మకానికి ఒక రికార్డు: రైతు పేరు, మొబైల్ నంబరు, జిల్లా, పిన్ కోడ్, పంట, బరువు, యూనిట్, ధర, సూట్ పేరిట తీసిన తరుగు, బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ. ఈ రికార్డు ఎలా ఉండాలో మూడు ప్రోగ్రాములకూ తెలియాలి. ముగ్గురు డెవలపర్లు మూడు భాషల్లో చేత్తో రాస్తే మొదటి వారం అన్నీ సరిగ్గానే ఉంటాయి. ఆ తర్వాత సర్వర్ మనిషి ఒక ఫీల్డు చేరుస్తాడు. వెబ్ పేజీ రాసే అమ్మాయికి ఆ సంగతి నెల తర్వాత తెలుస్తుంది. యాప్ రాసినతను అప్పటికి వేరే ప్రాజెక్టులో ఉంటాడు.

ఇక్కడ చాలామంది ‘టైపులు ఉన్నాయి కదా, కంపైలర్ పట్టుకోదా?’ అంటారు. టైపు అంటే ఏ ఫీల్డులో ఏ రకం విలువ ఉండాలో కోడ్‌లో రాసే మాట, కంపైలర్ అంటే ఆ కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చే ప్రోగ్రాము. కాలేజీ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళే కాదు, అనుభవం ఉన్నవాళ్ళు కూడా తడబడేది ఇక్కడే. 2012లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన టైప్‌స్క్రిప్ట్‌లో మనం రాసే టైపులన్నీ కంపైల్ అయ్యాక చెరిగిపోతాయి. బ్రౌజరులో నడిచేది మామూలు జావాస్క్రిప్టే. ‘సర్వర్ నుంచి వచ్చేది అమ్మకం రికార్డు’ అని మనం రాస్తే కంపైలర్ మన మాట నమ్ముతుంది, అంతే. నిజంగా వచ్చింది ఏమిటో అది చూడదు, చూడలేదు కూడా, ఎందుకంటే ఆ డేటా వచ్చేసరికి కంపైలర్ పని ఎప్పుడో అయిపోయింది. పైథాన్‌లో టైపు హింట్లదీ ఇదే కథ: వాటంతట అవి నడిచేటప్పుడు ఏమీ ఆపవు. అంటే బయటి డేటాకు రెండు రక్షణలు కావాలి. ప్రోగ్రాము రాసేటప్పుడు మనల్ని కాపాడే టైపు ఒకటి, ప్రోగ్రాము నడిచేటప్పుడు డేటాను చూసే తనిఖీ ఒకటి. రెండూ ఒకే నియమం చెప్పాలి.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, నియమాన్ని ప్రోగ్రాము భాషలోనే రాసి అందులోంచి టైపును రాబట్టడం. పైథాన్‌లో పైడాంటిక్, టైప్‌స్క్రిప్ట్‌లో జాడ్ అనే లైబ్రరీలు చేసేది అదే. మొత్తం పని ఒకే భాషలో జరిగితే ఇంతకు మించి అక్కర్లేదు, నిశ్చింతగా వాడుకోవచ్చు. రెండోది, ఏ ప్రోగ్రాము భాషకూ చెందని పత్రంలో నియమాలు రాసి, దాని నుంచి కాట్లిన్, పైథాన్, టైప్‌స్క్రిప్ట్ కోడ్‌ను విడివిడిగా పుట్టించడం. జేసన్ స్కీమా (ప్రోగ్రాములు డేటా పంపుకునే జేసన్ అనే రూపానికి నియమాలు రాసే పద్ధతి), ఓపెన్ ఏపీఐ (సర్వర్‌తో ఎలా మాట్లాడాలో రాసే పద్ధతి), గూగుల్ 2008లో అందరికీ ఇచ్చిన ప్రోటోకాల్ బఫర్స్ ఈ కోవకు చెందినవి. ఇదేమీ కొత్త ఆలోచన కాదు. ఎక్స్ఎంఎల్ స్కీమా 2001లోనే ప్రమాణంగా వచ్చింది, దాని నుంచి జావా క్లాసులు పుట్టించిన తరం ఇంకా ఉద్యోగాల్లోనే ఉంది. మన ఉదాహరణలో భాషలు మూడు కాబట్టి రెండో దారే దిక్కు. ఇక్కడ జేసన్ స్కీమానే తీసుకుంటాను, ఎందుకంటే 2021లో వచ్చిన ఓపెన్ ఏపీఐ 3.1 కూడా దానితోనే కలిసిపోయింది.

స్కీమా నుంచి కోడ్ పుట్టించే ప్రోగ్రామును జనరేటర్ అంటారు. దాని లోపల ఏం జరుగుతుందో ఒక్క ఫీల్డుతో చూద్దాం. స్కీమాలో పిన్ కోడ్ గురించి మూడు సంగతులు రాశామనుకోండి: అది స్ట్రింగ్ (అక్షరాల వరస), అది తప్పనిసరి, అందులో 1 నుంచి 9 లోపు ఒక అంకె, దాని తర్వాత 0 నుంచి 9 లోపు అయిదు అంకెలు ఉండాలి. జనరేటర్ ముందు స్కీమా ఫైలును చదివి, ఒక నిర్వచనం ఇంకో నిర్వచనాన్ని ఎక్కడ ప్రస్తావించిందో వెతికి, అన్నిటినీ కలిపి ఒక చెట్టులా కట్టుకుంటుంది. ఆ చెట్టు మీద రెండుసార్లు నడుస్తుంది. మొదటి నడకలో టైపు రాస్తుంది: ‘అమ్మకం అనే టైపులో పిన్ అనే ఫీల్డు ఉంది, అది స్ట్రింగ్’. అంకెల నమూనా టైపులోకి రాదు, మామూలు టైపుల్లో దానికి చోటు లేదు. రెండో నడకలో తనిఖీ ఫంక్షన్ రాస్తుంది: వచ్చింది ఆబ్జెక్టేనా? అందులో పిన్ అనే కీ (ఫీల్డు పేరు) ఉందా? ఉంటే స్ట్రింగేనా? అయితే నమూనాకు సరిపోతోందా? ఎక్కడ తప్పినా, తప్పిన చోటు దారినీ తప్పిన నియమం పేరునూ కలిపి ఒక ఎర్రర్‌గా రాసుకుంటుంది.

ఇలా ముందే ఫంక్షన్‌గా రాసిపెట్టడంలో వేగం కూడా ఉంది. ప్రతి రికార్డుకూ స్కీమాను మళ్ళీ మొదటి నుంచి చదువుకుంటూ సరిచూసే పద్ధతి ఒకటుంది, అది నెమ్మది. జావాస్క్రిప్ట్‌లో ఎక్కువమంది వాడే ఏజేవీ అనే తనిఖీ లైబ్రరీ స్కీమాను ఒక్కసారి చదివి తిన్నటి ఫంక్షన్‌గా మార్చేస్తుంది. కావాలంటే ఆ ఫంక్షన్‌ను విడి ఫైలుగా కూడా రాసి ఇస్తుంది. పైడాంటిక్ 2023లో తన తనిఖీ భాగాన్ని రస్ట్ భాషలో తిరిగి రాసుకున్నది కూడా వేగం కోసమే.

ఇక చిక్కుముళ్ళు. పైన రాసిన పిన్ కోడ్ నియమంలోనే రెండు దాగి ఉన్నాయి. జేసన్ స్కీమాలో ప్యాటర్న్ అంటే ‘ఈ నమూనా లోపల ఎక్కడైనా దొరికితే చాలు’ అని అర్థం. మొదలూ చివరా గుర్తులు పెట్టకపోతే 515001 ఎంత చక్కగా పాసవుతుందో, 12 అంకెల ఆధార్ నంబరు పిన్ కోడ్ గడిలో పడినా అంత చక్కగా పాసవుతుంది. రెండోది మన భాషకు దగ్గరిది. ఇలాంటి నమూనాలు రాసే పద్ధతి పేరు రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. అంకె అని చెప్పడానికి చాలామంది అందులో బ్యాక్‌స్లాష్ డి వాడతారు. జావాస్క్రిప్ట్‌లో దాని అర్థం 0 నుంచి 9 వరకే. పైథాన్‌లో మాత్రం యూనికోడ్‌లో (అన్ని లిపుల గుర్తులకూ ఒక్కో నంబరు ఇచ్చే ప్రమాణంలో) అంకెగా గుర్తించిన ప్రతిదీ అందులోకి వస్తుంది. నమూనాను ఆరు బ్యాక్‌స్లాష్ డిలతోనే రాసి ఉంటే, ఎవరైనా తెలుగు కీబోర్డుతో ౫౧౫౦౦౧ అని కొట్టినప్పుడు సర్వర్ సరే అంటుంది, వెబ్ పేజీ కాదంటుంది. స్కీమా ఒకటే, నియమం ఒకటే, తీర్పులు రెండు. అందుకే నమూనాల్లో 0 నుంచి 9 అని విడమరిచి రాయాలి. ఒక స్కీమా నుంచి పలు భాషలకు కోడ్ పుట్టించేటప్పుడు, అన్ని భాషల్లో ఒకే అర్థం వచ్చేంత సాదాగా నియమాలు రాయడం మన బాధ్యత.

పేరు ఫీల్డు ఇంకొంచెం సున్నితం. ఆంగ్ల అక్షరాలు, ఖాళీ మాత్రమే ఒప్పుకునే నమూనాలు ఎన్నో చోట్ల కనిపిస్తాయి. తెలుగులో పేరు రాస్తే ఆ ఫారం ఎర్రగా మెరుస్తుంది. రైతు తన పేరు తన లిపిలో రాయలేని యాప్‌ను రాయలసీమలో పంచడం నాకు ససేమిరా నచ్చదు. నమూనా తీసేసి పొడవుకు హద్దు పెడదామంటే, పొడవు అంటే ఏమిటన్న ప్రశ్న వస్తుంది. ‘కర్నూలు’ అనే మాట మన కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఏడు: క, ర, పొల్లు, న, ఊత్వం, ల, ఉత్వం. వాటిని కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో 21 బైట్లు. జేసన్ స్కీమాలో గరిష్ఠ పొడవు అంటే ఆ ఏడును లెక్కపెడుతుంది. ఒరాకిల్ డేటాబేసు కాలమ్ మాత్రం మనం వేరుగా చెప్పకపోతే సాధారణంగా బైట్లు లెక్కపెడుతుంది. స్కీమాలో 50 అనీ డేటాబేసులో 50 అనీ రాసుకుని రెండూ ఒకటే అనుకుంటే, 16 తెలుగు గుర్తులు దాటిన పేరు గేటు దాటి వచ్చి లోపల ఇరుక్కుంటుంది.

బ్యాంకు ఖాతా నంబరు పేరుకే నంబరు, దాన్ని ఎప్పుడూ స్ట్రింగ్‌గానే ఉంచాలి. ముందు సున్నాలు ఉంటే సంఖ్యగా మారినప్పుడు ఎగిరిపోతాయి. పొడవైనదైతే ఇంకో ముప్పు. జావాస్క్రిప్ట్ సంఖ్యలు 9007199254740991 వరకే పూర్ణాంకాలను తేడా లేకుండా పట్టుకోగలవు. 9007199254740993 అని పంపితే చివర 2తో చదువుకుంటుంది, ఏ ఎర్రరూ రాదు. ఒక్క అంకె తేడాతో డబ్బు ఇంకొకరి ఖాతాకు పోవచ్చు. ధర విషయంలో నా సలహా పైసల్లో పూర్ణాంకంగా పెట్టుకోమని. ఐఎఫ్ఎస్‌సీకి నియమం తేలిక: నాలుగు పెద్దక్షరాలు, అయిదోది సున్నా, తర్వాత ఆరు అక్షరాలో అంకెలో.

సూట్ ఫీల్డు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే డబ్బు లెక్కలో రైతుకు నొప్పి కలిగే చోటు అది. కాయల బరువులో ఇంత అని తరుగు తీస్తారు. రికార్డులో ఈ ఫీల్డు మూడు రకాలుగా ‘లేకుండా’ ఉండొచ్చు: కీ అసలే రాకపోవచ్చు, కీ ఉండి విలువ నల్ కావచ్చు, విలువ 0 కావచ్చు. 0 అంటే తరుగు తీయలేదు అని గుమాస్తా చెప్పినట్టు. నల్ అంటే ఆ గడి ఖాళీగా వదిలినట్టు. కీ రాలేదంటే ఆ ఫీల్డు లేని పాత యాప్ నుంచి వచ్చి ఉండొచ్చు. జేసన్ స్కీమా ఈ మూడింటినీ విడిగా చెప్పగలదు. ఒక ఫీల్డును రిక్వైర్డ్ జాబితాలో పెట్టడం వేరు, దాని విలువ నల్ కావచ్చని ఒప్పుకోవడం వేరు. ఏమీ చెప్పకపోతే ప్రతి ఫీల్డూ ఐచ్ఛికమే. కానీ కోడ్ పుట్టే భాషలన్నిటికీ ఈ తేడా లేదు. కాట్లిన్‌లో కీ రాకపోవడానికీ నల్‌కీ కలిపి ఒక్క ప్రశ్నార్థకం గుర్తే మిగులుతుంది. డిఫాల్ట్ విలువ 0 అని స్కీమాలో రాస్తే సరిపోతుందని కొందరు అనుకుంటారు. జేసన్ స్కీమాలో డిఫాల్ట్ అనేది చదివేవాళ్ళ కోసం రాసిన గమనిక మాత్రమే, తనిఖీ చేసేటప్పుడు దాన్ని నింపాలన్న నియమం లేదు. కొన్ని పనిముట్లు నింపుతాయి, కొన్ని నింపవు. తరుగు ఎంతో తెలియని చోట 0 నింపేస్తే లెక్క నిండుగా కనిపిస్తుంది, నిజం మాత్రం పోతుంది. ఈ ఫీల్డును తప్పనిసరి చేసి, తెలియకపోతే నల్ అని రాయించాలన్నది నా పట్టుదల.

అడగని ఫీల్డులు వస్తే ఏం చేయాలన్నది ఇంకో తగాదా. జేసన్ స్కీమా మనం వద్దనకపోతే ఎన్ని అదనపు కీలనైనా రానిస్తుంది. పైడాంటిక్ మామూలుగా వాటిని పట్టించుకోకుండా వదిలేస్తుంది. జాడ్ వాటిని తీసేసి మిగతాది ఇస్తుంది. ఎవరైనా రికార్డులో ‘చెల్లింపు ఆమోదం: అవును’ అని ఒక కీ దూర్చి పంపితే ఒక పనిముట్టు దాన్ని లోపలికి మోసుకెళ్తుంది, ఇంకోటి మోసుకెళ్ళదు. అలాగే కొటేషన్లలో వచ్చిన ‘12’ను పైడాంటిక్ మామూలుగా 12 అనే సంఖ్యగా మార్చి ఒప్పుకుంటుంది, జాడ్ ఒప్పుకోదు. ఇలాంటివి జనరేటర్ ఇష్టానికి వదలకుండా మనమే తేల్చి స్కీమాలోనో, జనరేటర్ సెట్టింగుల్లోనో రాసిపెట్టాలి.

జిల్లా ఫీల్డు చూస్తే స్కీమా కాలంతో ఎలా మారాలో అర్థమవుతుంది. జిల్లాల జాబితాను ఈనమ్‌గా, అంటే ఈ విలువలు తప్ప వేరేవి కుదరవన్నట్టుగా రాస్తాం. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. కర్నూలు నుంచి నంద్యాల విడిపోయింది. హిందూపురం, పుట్టపర్తి అనంతపురం జిల్లా వదిలి శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్ళాయి. రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా వచ్చింది. చేత్తో రాసిన కోడ్‌లో ఈ జాబితా ఎన్ని చోట్ల దాగి ఉందో వెతుక్కోవాలి. స్కీమా ఉంటే ఒకచోట మార్చి కోడ్ మళ్ళీ పుట్టిస్తే, జిల్లా వారీగా పని విడదీసిన ప్రతి చోటా ‘నంద్యాల వస్తే ఏం చేయాలో చెప్పలేదు’ అని కంపైలర్ నిలదీస్తుంది, అన్ని విలువలనూ చూడాలన్న షరతుతో ఆ కోడ్ రాసి ఉంటే. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చిన లాభం ఇదే.

అయితే మార్పుకు రెండో వైపు ఉంది. కాటా దగ్గరున్న ఫోన్లన్నీ అదే రోజు అప్‌డేట్ కావు. పాత యాప్ నంద్యాల రైతుకు కర్నూలు అనే పంపుతుంది, దాన్ని తిప్పికొట్టకూడదు. కొత్త సర్వర్ నంద్యాల అని పంపితే పాత యాప్‌లోని కఠినమైన తనిఖీ దాన్ని తోసేస్తుంది. 2021లో రాయచోటి రైతుకు వైఎస్ఆర్ (కడప) జిల్లా అని రాసిన రికార్డు ఆ రోజుకు నిజమే, దాన్ని కొత్త స్కీమాతో తప్పు పట్టకూడదు. అందుకని ప్రతి రికార్డులో స్కీమా వెర్షన్ ఉండాలి. డేటా చదివే వైపు తెలియని విలువ వస్తే ‘ఇతర’ అని పట్టుకునే చోటు ఉండాలి. పంపే వైపు మాత్రం కఠినంగా ఉండొచ్చు. ఈనమ్‌లో పేర్ల బదులు మారని కోడ్ నంబర్లు పెట్టడం ఇంకా మేలు. కడప జిల్లానే చూడండి, 2010లో వైఎస్ఆర్ జిల్లా అయింది, 2025లో వైఎస్ఆర్ కడప జిల్లా అయింది. చూపించే పేరు మారుతుంది, కోడ్ మారనక్కర్లేదు.

స్కీమా చెప్పలేని సంగతులూ ఉన్నాయి. ఆధార్ నంబరులో చివరి అంకె మిగతా 11 అంకెల మీద వెర్హోఫ్ పద్ధతిలో లెక్కగట్టిన తనిఖీ అంకె. 12 అంకెలు ఉన్నాయా అని జేసన్ స్కీమా చూడగలదు, ఆ లెక్క వేయలేదు. మొత్తం బరువులోంచి సూట్ తీస్తే నికర బరువు రావాలన్న నియమాన్నీ అది చెప్పలేదు, రెండు ఫీల్డుల మధ్య కూడికలు, తీసివేతలు దానికి రావు. ప్రోటోకాల్ బఫర్స్‌లోనైతే టైపులు ఉంటాయి గానీ ‘6 అంకెలు ఉండాలి’ అన్నపాటి షరతుకు కూడా ప్రోటోవ్యాలిడేట్ లాంటి పొడిగింపు కావాలి. ఈ లెక్కల నియమాలను చేత్తో విడి ఫైలులో రాయాలి. జనరేటర్ ఇచ్చిన ఫైలులోకి దూరి రాస్తే మళ్ళీ పుట్టించినప్పుడు అంతా తుడిచిపెట్టుకుపోతుంది. వరస ఇలా ఉండాలి: ముందు పుట్టించిన తనిఖీ, అది పాసైతేనే దక్కే ‘సరిచూసిన అమ్మకం’ అనే టైపు, ఆ టైపును మాత్రమే తీసుకునే చేతిరాత నియమాలు. చెల్లింపు ఫంక్షన్ ఆ చివరి టైపును తప్ప వేరేదాన్ని ముట్టుకోకుండా రాస్తే, తనిఖీ మరిచిపోయి డబ్బు పంపే కోడ్‌ను కంపైలర్, పైథాన్‌లోనైతే విడిగా నడిపే టైపు చెకర్, ఒప్పుకోదు.

ఇక రోజువారీ క్రమశిక్షణ. జనరేటర్ వెర్షన్‌ను ఒకదానికి కట్టేసి ఉంచాలి, లేకపోతే ఏమీ మార్చకుండానే కోడ్ మారుతుంది. ప్రతి మార్పుకూ బిల్డ్ సర్వర్ (కోడ్‌ను తనంతట తానే కట్టి పరీక్షించే యంత్రం) కోడ్‌ను మళ్ళీ పుట్టించి, దాచిన ఫైలుతో పోల్చి, తేడా ఉంటే ఆపేయాలి. నమూనా డేటా ఇస్తే స్కీమాను ఊహించి ఇచ్చే క్విక్‌టైప్ వంటి పనిముట్లు పని మొదలుపెట్టడానికి బాగుంటాయి. అయితే అవి చూసిన డేటాలో ఉన్నదే చెబుతాయి. మనం ఇచ్చిన రికార్డులన్నిటిలో సూట్ ఉంటే అది తప్పనిసరి అంటాయి, ఎప్పుడూ లేకపోతే ఆ ఫీల్డే లేదంటాయి. ఊహించిన స్కీమాను ఒక్కో గీతా చదివి, యార్డు పని తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని దిద్దాలి.

చివరగా ఎర్రర్ల సంగతి. పుట్టించిన కోడ్ ‘రైతులు, 3, పిన్’ అనే దారినీ, ప్యాటర్న్ తప్పిందన్న మాటనూ ఇస్తుంది. లెక్క 0 నుంచి మొదలవుతుంది కాబట్టి అది నాలుగో రైతు. డెవలపరుకు ఇది చాలు. ఎండలో కాటా పక్కన నిలబడి, వెనక ట్రాక్టర్లు ఆగి ఉన్న గుమాస్తాకు ఇది పనికిరాదు. అతనికి ‘నాలుగో రైతు పిన్ కోడ్‌లో 6 అంకెలు ఉండాలి’ అని తెలుగులో కనిపించాలి. ఫీల్డు పేరూ నియమం పేరూ కలిపి ఒక్కో జతకు ఒక్కో తెలుగు వాక్యం ఉన్న పట్టికను స్కీమా పక్కనే ఉంచితే, అందులోంచి మూడు భాషలకూ కోడ్ పుట్టించవచ్చు. స్కీమాలో కొత్త నియమం చేరి, దానికి పట్టికలో తెలుగు వాక్యం లేకపోతే బిల్డ్ అక్కడే ఆగేలా కూడా పెట్టుకోవచ్చు.